రెండో గడి

పందొమ్మిదేళ్లుగా నేను మూడో నంబరు కిటికీ వెనక కూర్చుంటున్నాను. కిటికీకి ఇవతల నేను, అవతల దేశభవిష్యత్తు. ఆ భవిష్యత్తు ఎప్పుడూ పెన్ను మర్చిపోయే వస్తుంది. నా పెన్ను అడిగి తీసుకుని, దానితో తన పుట్టిన తేదీ తనే తప్పు రాసి, ఆ పెన్ను జేబులో వేసుకుని వెళ్లిపోతుంది. పద్నాలుగు పెన్నులు పోయాక ఒకదానికి దారం కట్టి కిటికీ ఊచకు ముడేశాను. అది విద్యార్థులకు అవమానమని ఒకాయన ఫిర్యాదు రాసిచ్చాడు, ఆ పెన్నుతోనే.

ఇది మా విశ్వవిద్యాలయంలో మైనర్ దరఖాస్తులు తీసుకునే కిటికీ. మా అమ్మ ఉన్న రోజుల్లో మైనరంటే తాతల ఆస్తి తగలేసే సోకులరాయుడు. ఇప్పుడు అదొక చదువు. ఎవరి డిగ్రీలో వారికి ప్రధానమైన సబ్జెక్టు ఒకటి ఉంటుంది కదా, దానికి తోడుగా వేరే శాఖలో ఆరు పేపర్లు చదవాలి. 'విద్యార్థి హృదయం ఎటు పిలిస్తే అటు వెళ్లే స్వేచ్ఛ' అని రంగుల పుస్తకంలో అచ్చేశారు. మొత్తం పదకొండు మైనర్లున్నాయి. ఏటా నాలుగు వందల చిల్లర హృదయాలు పిలుస్తాయి. నాలుగు వందలూ కంప్యూటర్ వైపే పిలుస్తాయి, ఆ చిల్లర ఎటో పోతుంది.

పిల్లలను అని లాభం లేదు. పిల్లల వెనక తండ్రి, తండ్రి వెనక బాబాయి, బాబాయి వెనక పక్కింటాయన బావమరిది ఉంటారు. ఆ బావమరిదికి ఏదో కంపెనీలో ఎవరో తెలుసు. ఒకమ్మాయి సంగీతం మైనర్ రాయబోతుంటే వాళ్ల మేనమామ ఫారం లాక్కుని నా కిటికీ దగ్గరే బుజ్జగించాడు. "పాట ఇంట్లో పాడుకోవచ్చమ్మా, ఎవరొద్దన్నారు?" ఇంట్లో వద్దన్నది కూడా ఆయనే అయి ఉంటాడని నా అనుమానం.

ఫారంలో రెండు గళ్లుంటాయి. మొదటి ఎంపిక, రెండో ఎంపిక. మొదటి గడి అందరూ నింపుతారు. రెండోది ఎవరూ ముట్టుకోరు. మొదటిదానికే ఇంటిల్లిపాదీ కొట్టుకుని వచ్చాక ఇక ఓపిక ఎక్కడుంటుంది? కానీ గడి ఖాళీగా ఉంటే పై అంతస్తులో కంప్యూటర్లోకి ఎక్కించే ఆయన ఒప్పుకోడు. ఆయన్ను మేమంతా వాపసుగారు అంటాం. ఏ గడి ఖాళీగా కనిపించినా మిగతాది చదవకుండా ఫారం కిందికి పంపించేస్తాడు. వెనక్కొచ్చిన ఫారం పట్టుకుని ఆ పిల్లలను నేనెక్కడ వెతకను? అందుకని ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఖాళీగా ఉన్న రెండో గడి నేనే నింపేస్తాను.

ఆ గడి బొటనవేలి గోరంత ఉంటుంది. అందులో 'సుస్థిర వ్యాపార నాయకత్వ నిర్వహణ' అని రాయాలంటే బియ్యపుగింజ మీద రాసేవాళ్లను పిలిపించాలి. పదకొండింటిలో అక్కడ పట్టే పేరు ఒక్కటే, 'నేల'. అంటే నేలశాస్త్రం. కాబట్టి పందొమ్మిదేళ్లుగా 'నేల' అని రాస్తున్నాను. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు, ఎందుకంటే రెండో ఎంపిక దాకా వ్యవహారం ఎప్పుడూ రాలేదు. కంప్యూటర్ వాళ్లకు హాలు నిండితే వరండా ఉంది, వరండా నిండితే మెట్లున్నాయి.

ఈ ఏడాది కొంప మునిగింది. కంప్యూటర్ హాల్లో కుర్చీలు ఎన్నున్నాయో ఎవరో లెక్కపెట్టారు. ఇన్నేళ్లలో ఆ పాడు ఆలోచన ఎవరికీ రాలేదు. మూడు వందల అరవై రెండు తేలాయి. మిగిలిన ముప్పై ఎనిమిది మందిని యంత్రం బుద్ధిగా రెండో ఎంపికకు పంపించింది. ముప్పై ఎనిమిది మందీ నేల మీద పడ్డారు.

నేలశాస్త్రం అంటే మా మట్టి మాస్టారు ఒక్కరే. వెనక భవనంలో మెట్ల కింద నుంచి వంగి వెళ్తే ఆయన గది వస్తుంది. పొడవాటి గది. మూడు గోడలకూ చెక్క అరలు, అరల నిండా ఏడు వందల గాజు సీసాలు, సీసాకొక మట్టి. ఎర్రది, నల్లది, బూడిదరంగుది, పసుపు కలిపినట్టుండేది. ప్రతిదానికీ కాగితం అతికించి, ఏ నెలలో తీశారో, ఎంత లోతులో తీశారో చేత్తో రాసి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆయన సెలవులన్నీ గుంతల్లోనే గడిచాయి. భార్య కూడా వెంట వెళ్లి, ఆయన తవ్వుతుంటే పైన కూర్చుని కాగితాలు రాసేదట. మొదటి మూడు వందల సీసాల మీద ఆమె రాత ఉంటుంది. ఆ తర్వాతవన్నీ ఆయన కోడిగీతలే.

నిరుడు ఆయనకు ముగ్గురు విద్యార్థులు. ఈ వేసవిలో ఆయనకొక నోటీసు ఇచ్చారు. ఈసారి పదిమంది లేకపోతే నేల మైనర్ ఎత్తేస్తారు, ఆ గదిని నవకల్పనా కేంద్రం చేస్తారు. కుర్చీల్లో కూర్చుంటే నవకల్పనలు రావట, అందుకని బస్తాల్లాంటి మెత్తలు ముందే కొని వరండాలో పడేశారు. ఆ నోటీసు చూపించడానికి మాస్టారు నా కిటికీ దగ్గరికి వచ్చారు.

"మరి మిమ్మల్ని ఏం చేస్తారు మాస్టారూ?"

"పరీక్షల విభాగంలో వేస్తారటమ్మా. ఇంకో నాలుగేళ్లేగా, ఎక్కడైనా గడిచిపోతుంది."

"సీసాలు?"

"కడిగి కెమిస్ట్రీ వాళ్లకిస్తారట."

"మట్టో?"

ఆయన నోటీసును నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "వెనక పారబోస్తామన్నారు. మట్టే కదా అన్నారు."

నేను అయ్యో అన్నాను. మా ఆఫీసులో అయ్యో అనడానికి ఏ ఫారమూ అక్కర్లేదు, కాబట్టి అందరం ధారాళంగా అంటాం. తర్వాత వరస పెరిగి నా పనిలో నేను పడ్డాను.

జాబితా అతికించిన రోజు ఆయన మళ్లీ వచ్చారు. నలభై పేర్లు. నా ముప్పై ఎనిమిదీ, నిజంగా తమ ఇష్టంతో మట్టి రాసుకున్న ఇద్దరూ. మాస్టారి చేతిలో కొత్త సుద్దముక్కల పెట్టె ఉంది. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఆయన చొక్కాకు ఇస్త్రీ జరగడం నేను చూడటం అదే మొదలు.

"నలభై మందమ్మా," అన్నారు. "గదిలో బెంచీలు చాలవు. మీ సెక్షన్‌లో ఏమైనా పాతవి ఉన్నాయా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను పెన్ను దారం సవరించుకున్నాను. "చూస్తాను మాస్టారూ," అన్నాను. రెండు బెంచీలు పంపించాను కూడా. ఆ మాత్రం చేసి రాత్రి నిద్రపోవచ్చనుకున్నాను.

మర్నాడే నిజం చెప్పేద్దామని సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్లాను. నా పద్ధతి మొత్తం చెప్పాను. ఆయన విని, తలుపు వేయించారు.

"మీరు ఆలస్యంగా చెప్పారమ్మా. మన వీసీ పెద్దాయన నిన్న సభలో చెప్పేశారు."

"ఏమని?"

"యువత మళ్లీ నేల వైపు చూస్తోందని. నిరుడు ముగ్గురు, ఈ ఏడు నలభై అని. పేపర్ల వాళ్లు రాసుకున్నారు. ఇప్పుడు యువత చూడలేదు, మూడో నంబరు కిటికీలో మేడమ్ గారు చూపించారు అంటే బాగుంటుందా?"

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఆ దూడకు అప్పటికే పేరు పెట్టి ఊరేగించేశారు. ఇక ఎద్దును అడిగేదేముంది? తప్పును సరిదిద్దడానికి పైవాళ్లు ఒక దారి మాత్రం కనిపెట్టారు. కంప్యూటర్ వాళ్లు స్టూళ్లు వేసి సాయంత్రం బ్యాచ్ తెరుస్తారు. మారాలనుకున్నవాళ్లు పది రోజుల్లో మార్పు ఫారం ఇచ్చుకోవచ్చు. మారడానికి కారణం, వదిలేస్తున్న సబ్జెక్టు మాస్టారి సంతకం, విద్యార్థి సంతకం ఉండాలి. ఆ ఫారాలు తీసుకునేది ఏ కిటికీ అని మీరు అడగరనుకుంటాను.

ఇంతలో మా తమ్ముడు వచ్చాడు.

మా తమ్ముడికి రంగుల షాపు ఉంది. ఊళ్లో సగం ఇళ్లకు రంగులు వాడే ఇస్తాడు, వాటిలో సగానికి ఏ రంగు బాగుంటుందో కూడా వాడే చెబుతాడు. ఎవరు అడిగినా, అడగకపోయినా. వాడి ఒక్కగానొక్క కూతురు మా దగ్గరే ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం. దరఖాస్తు రోజున నా కిటికీ ముందు నిలబడి, "అత్తా, రెండోదాంట్లో ఏం రాయను?" అని అడిగింది. ప్రపంచంలో ఆ ప్రశ్న అడిగిన పిల్ల అదొక్కతే. "ఏదీ రాయకు, ఎవరు చూస్తారు," అన్నాను నేను. మేనకోడలి విషయంలో కూడా నా పద్ధతి నేను మార్చుకోలేదు. పక్షపాతం నాకు గిట్టదు.

తమ్ముడు మా ఇంటి ముందుగదిలో కూర్చుని మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు. "నా కూతురి నోట్లో మట్టి కొట్టావు కదక్కా," అన్నాడు. ఆ మాట ఇంత అక్షరాలా నిజమైన సందర్భం ఇంకొకటి ఉండదు.

"పది రోజులుంది కదరా. మార్పిద్దాం."

"నలుగురూ అడిగితే ఏం చెప్పను? మట్టి చదువుతోందని చెప్పనా? మట్టిబుర్రలు చదివే చదువు."

"కంప్యూటర్ చదివితే ఏం చెప్తావు?"

"కంప్యూటర్ చదువుతోందని చెప్తాను." ఇంతకంటే గట్టి వాదన ఎవరి దగ్గరా వినలేదు. మా కిటికీ దగ్గర నాలుగు వందల మందిదీ అదే.

ఈ మాటలన్నీ జరుగుతున్నంతసేపూ మేనకోడలు గుమ్మం దగ్గర నిలబడి గోళ్లు చూసుకుంటోంది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు.

మాస్టారు మొదటి క్లాసులో పుస్తకం తెరవలేదట. మర్నాడు ఎవరింటి ముందు మట్టి వాళ్లు ఒక దోసెడు తెచ్చుకోమన్నారట. సగంమంది తేలేదు, సగంలో సగంమంది కాలేజీ గేటు దగ్గర తీసుకుని ఇంటిదేనన్నారు. ఆ మట్టిని వేళ్లతో నలిపి చూసి, "గేటు ఎడం పక్కదా, కుడి పక్కదా?" అని అడిగారట ఆయన. మా పిల్ల మాత్రం నిజంగానే తవ్వి తీసుకెళ్లింది. ఆ మధ్యాహ్నం నేను డబ్బా విప్పి తింటుంటే కిటికీ పక్క తలుపు లోంచి లోపలికి వచ్చి ఎదురుగా కూర్చుంది. అది మామూలుగా నాలుగు మాటల పిల్ల. ఆ రోజు ఆగలేదు.

"నాది నల్ల రేగడి అత్తా. నీళ్లు పోసి పిసికి, చేతుల మధ్య తాడులా చేశారు. వేలికి చుట్టారు, తెగలేదు. కిటికీలో ముందే ఎండబెట్టిన ఇంకో రేగడి ముద్ద చూపించారు, బిస్కెట్టులా పగిలిపోయి ఉంది. తర్వాత నన్ను అడిగారు, మీ ఇంట్లో వానాకాలం తలుపులు పట్టేస్తాయా అని."

నేను ముద్ద డబ్బాలోనే వదిలేశాను. మా తమ్ముడింట్లో వానాకాలం వస్తే వీధి తలుపును భుజంతో గుద్ది తీయాలి.

"ఎండాకాలం తూర్పు గోడ మీద ఐమూలగా బీట పడుతుందా అని కూడా అడిగారు. ఆయన మన ఇల్లు చూడనే లేదు అత్తా."

ఆ బీట సంగతి మా చుట్టాలందరికీ తెలుసు. ఇల్లు కట్టిన రెండో ఏట మొదలైంది. మొదట మేస్త్రీని తిట్టాడు తమ్ముడు. తర్వాత సిమెంటును తిట్టాడు. ఆ తర్వాత తిట్టడం మానేసి, దాని మీద లప్పం పెట్టి రంగు వేయడం మొదలుపెట్టాడు. లేత ఆకుపచ్చ, గంధం, నీలం, మళ్లీ గంధం, తెలుపు, ఇప్పుడు ఏదో ఇటుకరంగు. రంగుల షాపువాడికి రోగాలన్నీ రంగుతోనే తగ్గాలి కదా. ప్రతి ఎండాకాలం ఆ బీట కొత్త రంగులోంచి పాత చుట్టంలా బయటికొస్తుంది.

"మట్టి ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది, దాంతో పాటు గోడ లేస్తుంది, దిగుతుంది," అంది పిల్ల. "అత్తా, మా క్లాసులో ఇల్లు ఎలా కట్టాలో ఏడుగురు చెప్తున్నారు. దేని మీద కడుతున్నామో ఒక్కరూ చెప్పట్లేదు."

"అయితే ఇదే చదువుకుంటానని నాన్నకి చెప్పు."

"చెప్తే వినే మనిషైతే ఒకే గోడకి ఆరు రంగులెందుకు వేస్తాడు?" అని నా డబ్బాలోంచి ఒక ముక్క తీసుకుని వెళ్లిపోయింది.

మూడో రోజుకు మార్పు ఫారాలు రావడం మొదలైంది. కారణం అన్న చోట పిల్లలు రాసినవి చదివి తీరాలి. 'నేలశాస్త్రం పట్ల గౌరవం ఉన్నది కానీ ఆసక్తి లేదు.' 'నాన్నగారు చెప్పారు.' 'దుమ్ము పడదు.' ఒకడు 'నేల చాలా లోతైన విషయం' అని రాశాడు. అన్నింటి కిందా మాస్టారి కోడిగీతల సంతకం ఉంది. ఎవరినీ ఆపలేదు, ఎందుకని అడగలేదు. ఎనిమిదో రోజుకు ఇరవై ఒకటయ్యాయి. ఒక్కో ఫారం మీద స్టాంపు వేస్తుంటే వెనక భవనం అరల్లోంచి ఒక్కో సీసా దించి పారబోస్తున్నట్టే ఉంది నాకు. ఆ మాట ఎవరితో అంటాను? స్టాంపు వేసేది నేనే, అసలు ఆ పిల్లలను అక్కడికి తోసింది నేనే. కంచే చేను మేసిందని కంచె ఎవరికి ఫిర్యాదు చేస్తుంది?

తొమ్మిదో రోజు మా తమ్ముడు మట్టి గదికి వెళ్లాడు. కూతురి ఫారం గురించి మాట్లాడటానికని చెప్పాడు కానీ, బీట గురించి అడగడానికే వెళ్లాడు. గంటసేపు బయటికి రాలేదు. వచ్చాక తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్లకు మట్టి ఉంది.

"మనిషి గట్టివాడేనక్కా. పైకప్పు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా అన్నారు. పడుతున్నాయన్నాను. ఒక గొట్టం పెట్టి దూరంగా వదలండి, గోడ పక్కన నీళ్లు నిలవనివ్వకండి, రెండేళ్లు ఆగి అప్పుడు రంగేసుకోండి అన్నారు. ఇన్నాళ్లూ ఒక్క ఇంజినీరూ చెప్పలేదు ఈ ముక్క."

"అయితే అమ్మాయిని ఉండనిస్తావా?"

తమ్ముడు నన్ను జాలిగా చూశాడు. "అదేంటక్కా. ఆయనకి తెలివుందన్నాను. ఆ తెలివికి గిరాకీ ఉందన్నానా?"

"నీ గోడకి ఉందిగా గిరాకీ."

"నా గోడ వేరు, నా కూతురు వేరు," అన్నాడు. ఇంటి గోడ ఆరేళ్లు పగిలితే గానీ వాడికి మట్టి గుర్తురాలేదు, కూతురి గురించి వాడికి ఏది ఎప్పుడు గుర్తొస్తుందో నేను ఊహించలేకపోయాను. వాడు చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం. అందుకే దాని మీదా మంచి రంగు ఒకటి వేసి చూసుకోవాలనుకుంటున్నాడు. నాకు కోపం వచ్చింది, వాడి మీద ఎంతో నా మీదా అంతే. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే. వాడు గోడలు పూస్తాడు, నేను గళ్లు నింపుతాను.

పదో రోజు గడువు సాయంత్రం అయిదింటికి. నాలుగుంపావుకు మాస్టారు వచ్చారు, చేతిలో ఆ రోజు సంతకం పెట్టిన నాలుగు ఫారాలు. పిల్లలు ఆయన బల్ల మీదే పెట్టి వెళ్లిపోయారట, ఈయన మోసుకొచ్చారు. తన గొయ్యి తవ్వే పార తనే తెచ్చిచ్చినట్టుంది.

"అడిగినవాళ్లందరికీ సంతకం పెట్టేస్తారేం మాస్టారూ? ఒకటి రెండు రోజులు తిప్పించుకోవచ్చుగా. ఎలాగో తెలియకపోతే మా సెక్షన్‌లో ఎవరినడిగినా నేర్పుతారు."

"వాళ్లు రాసుకున్నది కాదు కదమ్మా," అన్నారు ఆయన.

నా చేతిలో స్టాంపు ఆగింది.

"జాబితా చూసి నమ్మలేక మొదటి రోజే పైకెళ్లి ఫారాలు అడిగి చూశాను. ముప్పై ఎనిమిది ఫారాల్లోనూ 'నేల' అన్న మాట ఒకే చేతిరాత. అన్నింట్లోనూ పై గీత గడి దాటి పోయింది. నేను ముప్పై ఏళ్లుగా మట్టి చూస్తున్నాను. ముప్పై ఎనిమిది సీసాల్లో పోసి పెట్టినంత మాత్రాన ఒకే గుంతలోదని తెలియదా?"

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నిండు క్లాసుకి పాఠం చెప్పాలనిపించింది." ఆయన కిటికీ చెక్క మీద లేని దుమ్మును వేలితో తుడిచారు. "ఎప్పుడూ చెప్పలేదమ్మా. ఇంటిదానికి చెప్పేవాణ్ని, ఏదో ఒక రోజు గది నిండుతుంది చూడు అని. పది రోజులైనా నిండింది. దానికి నేనే మీకు రుణపడ్డాను."

పందొమ్మిదేళ్లలో కిటికీ అవతలివాళ్లు నన్ను అనని మాట లేదు. ఈ మాట మాత్రం ఎవరూ అనలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కళ్లు తుడుచుకోవడానికి డ్రాయరు వెతికినట్టు నటించి, "తప్పు నాది మాస్టారూ, క్షమించండి," అన్నాను. ఆ మాట కూడా ఈ ఆఫీసులో ఎవరూ వాడగా వినలేదు. నోటికి కొత్తగా ఉంది.

నాలుగింటికీ స్టాంపు వేశాక, ముందురోజు వచ్చిన అయిదింటినీ కలిపి లెక్క చూశాం. ముప్పై మంది వెళ్లిపోయారు. పదిమంది మిగిలారు. ఆ ఇద్దరు కాక, ఎనిమిది మంది ఎందుకో ఉండిపోయారు. కొందరు బద్ధకంతో, ఇద్దరు ముగ్గురు మాత్రం సీసాల కోసం.

"పదే కదమ్మా కావలసింది," అన్నారు మాస్టారు.

"పదే."

"అయితే ఒకటి తగ్గుతుంది. మీ మేనకోడలి ఫారానికి మధ్యాహ్నం సంతకం పెట్టాను. వాళ్ల నాన్నగారు తెచ్చారు." నా మొహం చూసి, "ఆ అమ్మాయి వేళ్లకి మట్టి తెలుస్తుంది," అన్నారు. తర్వాత వెళ్లి ఎదురుగా గోడ పక్క బెంచీ మీద కూర్చున్నారు. వెళ్లిపోవచ్చు కదా అనిపించింది. కానీ ఇన్నాళ్ల గదికి గడువు ముగిసేదాకా ఉండాలనుకున్నారేమో.

అయిదుకు ఎనిమిది నిమిషాలుందనగా తమ్ముడు వచ్చాడు, వెనక కూతురు. ఫారాన్ని ఊచల మధ్య నుంచి లోపలికి తోశాడు. "ఆలస్యమైందక్కా. గొట్టాలవాడు ఇప్పుడే వచ్చి కొలతలు తీసుకున్నాడు."

మాస్టారు చెప్పిన గొట్టం అన్నమాట. ఆ మాస్టారు అయిదడుగుల దూరంలో బెంచీ మీద ఉన్నారు. తమ్ముడు ఆయనకు వినయంగా నమస్కారం కూడా పెట్టాడు.

ఫారం చూశాను. కారణం అన్న చోట తమ్ముడి గుండ్రటి రాత, 'భవిష్యత్తు దృష్ట్యా'. దాని కింద మాస్టారి కోడిగీతలు. వాటి కింద విద్యార్థి సంతకం అన్న గడి, ఖాళీగా.

ఖాళీ గడి చూస్తే నా చెయ్యి దానంతటదే కదులుతుంది. ఆ రోజూ కదిలింది. మేనకోడలి సంతకం నాకు తెలియనిదా, అయిదో ఏట దాని చెయ్యి పట్టుకుని పేరు దిద్దించింది నేనే. చెయ్యి ఆపుకుని తల ఎత్తి, జీవితంలో మొదటిసారి, అడగవలసిన మనిషిని అడిగాను.

"సంతకం పెట్టలేదేం? పెడతావా?"

పిల్ల నా కళ్లలోకి చూసింది. "పెన్ను తెచ్చుకోలేదు అత్తా."

దాని భుజాన సంచి ముందర జేబులో మూడు పెన్నుల మూతలు వరసగా కనిపిస్తున్నాయి. ఆర్కిటెక్చర్ పిల్ల, పెన్ను లేకుండా నిద్ర కూడా పోదు. తమ్ముడు చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు. షేడ్ కార్డు దొరికింది గానీ పెన్ను దొరకలేదు.

"ఆ దారం పెన్ను ఇలా ఇవ్వక్కా."

నేను దారం పట్టుకుని పెన్నును మెల్లగా లోపలికి లాక్కున్నాను. లాగుతూ ఎదుటి గోడ మీది గడియారం చూశాను. దాని కింద మాస్టారు బెంచీ మీంచి సగం లేచి ఉన్నారు. ఫారాన్ని మళ్లీ ఊచల మధ్య నుంచి బయటికి తోశాను.

మా కిటికీ దగ్గర వేలసార్లు అన్న మాట ఒకటుంది. దానికోసమే మమ్మల్ని జనం కసితీరా తిట్టుకుంటారు. ఇన్నేళ్లూ దాన్ని నేను ఆలోచించకుండానే అన్నాను. ఆ సాయంత్రం మాత్రం పూర్తి స్పృహతో, నా సొంత తమ్ముడి మొహం మీద అన్నాను.

"సంతకం లేదు. రేపు రండి."

"రేపటికి గడువు అయిపోతుంది కదక్కా."

"అవును," అని కిటికీ తలుపు దించేశాను.